హియెరాపొలి వేడినీళ్లు, లవొదికయ కాలువ

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము పదుమూడవ వచనములో మూడు ఊళ్ల పేర్లు ఒక్కచోట కనబడును. ఎపఫ్రా అను సేవకుడు కొలొస్సయి, లవొదికయ, హియెరాపొలి అను మూడు సంఘముల నిమిత్తము ఎంత శ్రమపడుచుండెనో పౌలు అక్కడ సాక్ష్యమిచ్చుచున్నాడు. ఈ మూడింటిలో లవొదికయను ఎరుగని విశ్వాసి మన సంఘములలో లేడు. కొలొస్సయి పేరు పత్రికవలన నిలిచినది. హియెరాపొలి మాత్రము బైబిలంతటిలో ఈ ఒక్క వచనముననే కలదు. చదువునప్పుడు నాలుక తిరుగక దాటిపోవు పేరు అది.

నేటి లోకములో ఈ వరుస తలక్రిందులైనది. తుర్కియే దేశమునకు పోవు యాత్రికులలో లక్షలమంది చూడగోరునది హియెరాపొలియే. వారిని పిలుచునది లేఖనము కాదు. ఆ ఊరి క్రింద కొండచరియను కప్పియున్న తెల్లని మెట్లు, వాటిలో నిలిచిన వేడినీటి మడుగులు వారిని పిలుచుచున్నవి. తురుష్కులు ఆ స్థలమును పముక్కలే అందురు. పత్తికోట అని ఆ మాటకు అర్థము. ఆసియలోని ఏడు సంఘముల స్థలములను దర్శింపబోవు మనవారికిని ఎఫెసు ప్రాంతమునుండి ఒకదినపు ప్రయాణముగా ఈ లోయను చూపించుట పరిపాటి. తెల్లవారుజామున బస్సు బయలుదేరును. మెయాండర్ నదీలోయ వెంబడి అంజూరపు తోటలను పత్తిచేలను దాటుచు మూడు గంటలకు పైగా పోవలెను. లైకస్ అను ఉపనది లోయలో ప్రవేశించిన తరువాత ఉత్తరపు గట్టున ఒక తెల్లని చార కనబడును. మాతో వచ్చిన చినగంజాము పెద్దాయన ఒకరు దానిని చూచి, "అయ్యగారూ, ఇంత ఎత్తున ఉప్పుమడులేమిటండీ?" అని అడిగెను. అంతకంటె చక్కని పోలిక ఆ దినమున మరెవ్వరును చెప్పలేదు.

అది ఉప్పు కాదు, సున్నము. కొండలలో పడిన వాననీరు సున్నపురాతి పొరలలోనికి దిగి, భూమి చీలికలలో వేడెక్కి, బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, ఆ వాయువు బలముచేత రాతిని తనలో కరగించుకొనును. ఇంచుమించు 35 డిగ్రీల వేడితో అది పైకి ఉబుకును. గాలి తగిలిన వెంటనే వాయువు విడిపోవును. వాయువు పోయిన నీరు సున్నమును మోయజాలదు. మోయలేనిదానిని అంచులయందు వదలును. మొదట అది మీగడవలె మెత్తగా ఉండి పిమ్మట రాయియగును. నీరు పలుచగా పొర్లుచోట వాయువు త్వరగా పోవును గనుక అంచులే ముందు ఎదుగును; అంచు ఎదిగినకొలది మడుగు ఏర్పడును; ఒక మడుగు నిండి క్రిందిదానిలోనికి జారును. ఈలాగున సుమారు 200 మీటర్ల ఎత్తుగల కొండ యావత్తును మెట్లు మెట్లుగా తెల్లబడినది. మన బొర్రా గుహలలో చీకటిలో ఒక్కొక్క బొట్టుగా జరుగుచున్న పని ఇక్కడ ఎండలో ప్రవాహముగా జరుగుచున్నది. నీళ్లు కాచు పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుటయు ఇదే పని.

ఆ మెట్లమీద చెప్పులు విడిచి నడువవలెనని ఆజ్ఞ కలదు. మోషేను తలంచుకొనవలసిన పనిలేదు. రాయి అరిగిపోకుండుటకే ఆ ఏర్పాటు. గత శతాబ్దపు ద్వితీయార్ధమున కొండకొమ్మున హోటళ్లు కట్టి, ఆ వేడినీటిని తమ ఈతకొలనులకు మళ్లించుకొనిరి. తెలుపు మాసిపోయెను. 1988లో ఈ స్థలము ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాకెక్కిన పిమ్మట ఆ హోటళ్లను తీసివేసిరి. ఇప్పుడు నీటిని వంతులవారీగా విడుచుచున్నారు గనుక చిత్రపటములలో నిండుగా కనబడు మడుగులలో అనేకము మనము పోయినప్పుడు ఎండియుండును. ఇది చూచి కొందరు యాత్రికులు నొచ్చుకొనుట కద్దు. నీళ్ల వంతు ఎరిగిన రైతుబిడ్డలు నొచ్చుకొనరు.

కొండపైకి ఎక్కినచో పట్టణము కలదు. పెర్గము రాజులైన అట్టాలు వంశీయులు క్రీ.పూ. 2వ శతాబ్దములో దీనిని స్థాపించిరి. క్రీ.పూ. 133లో ఆ రాజ్యముతోకూడ ఇది రోమీయుల పాలయ్యెను. ఈ నీటిని కాలువలలో పారించి, అది గడ్డకట్టగా ఒకే రాతి గోడలను పొలములకు కంచెలుగా చేసికొనుచుండిరని భూగోళశాస్త్రవేత్తయైన స్ట్రాబో వ్రాసెను. ఉన్నికి రంగు పట్టుటకును ఈ నీరు శ్రేష్ఠమని ఆయనయే చెప్పెను. వేళ్లనుండి తీసిన రంగు ఈ నీటిలో ఊదారంగుతో సరితూగుచుండెనట. కాబట్టి ఇది రోగులు స్నానమాడు ఊరు మాత్రమే కాదు. అద్దకపువారి ఊరు, నేతపనివారి ఊరు, రాతిపనివారి ఊరు. ఊదారంగు అమ్మిన తుయతైర పట్టణస్థురాలు లూదియను ఎరిగినవారు ఈ ఊరి జీవనమును సులువుగా ఊహించుకొనగలరు.

ఆ జీవనమును కన్నులకు కట్టునట్లు చూపునది ఊరు కాదు, ఊరి వెలుపలి సమాధులు. ఉత్తర ద్వారము దాటి రెండు కిలోమీటర్ల పొడవున త్రోవకు ఇరుప్రక్కల వెయ్యికి మించిన సమాధులు నిలిచియున్నవి. సాధారణముగా గైడులు ఇక్కడ పది నిమిషములే ఇచ్చెదరు. పది నిమిషములు చాలవు. ఫ్లావియస్ జ్యూక్సిస్ అను వర్తకుని సమాధి ద్వారము పైన, అతడు మలెయా అగ్రమును చుట్టి 72 మారులు ఇటలీకి ఓడ ప్రయాణము చేసెనని చెక్కియున్నది. పౌలు ఒక్కసారి అటువంటి ప్రయాణము చేసి ఏమి పడెనో అపొస్తలుల కార్యములు ఇరువదియేడవ అధ్యాయము చదివినవారికి తెలియును. ఈ మనుష్యుడు డెబ్బదిరెండు మారులు పోయి వచ్చి తన మంచముమీద చనిపోయెను కాబోలు! అమ్మియానోసు అను మరియొకని రాతిపెట్టెమీద నీటిచక్రముతో నడచు రాతిరంపపు బొమ్మ కలదు. చక్రము తిరుగుటను రంపము ముందువెనుకల కదలుటగా మార్చు యంత్రమునకు లోకములో మనకు తెలిసిన మొదటి చిత్రము ఇదేయని యంత్రశాస్త్ర చరిత్రకారులు చెప్పుచున్నారు. అది 3వ శతాబ్దమునాటిది.

అయితే నా మనస్సును పట్టుకొన్నది గ్లుకోను అనువాని సమాధి. క్రీ.శ. 200 ప్రాంతమువాడు. తన సమాధికి ఏటేట పూలదండ వేయుటకై అతడు ధర్మనిధి ఏర్పరచెను: ఊదారంగు అద్దకపువారి సంఘమునకు 200 దేనారములు, పులియని రొట్టెల పండుగనాడు పంచుకొనుటకు, తివాసి నేతగాండ్ర సంఘమునకు 150 దేనారములు, పెంతెకొస్తునాడును రోమీయుల నూతన సంవత్సరపు పండుగనాడును పంచుకొనుటకు. ఇతడు యూదుడా? యూదుల పండుగలను ప్రేమించిన అన్యుడా? పండితులింకను వాదించుచునే యున్నారు. యూదులు ఈ లోయలో మొదటినుండి అనేకులుండిరనుట నిశ్చయము. అంతియొకు మహారాజు రెండువేల యూదు కుటుంబములను లూదియలోను ఫ్రుగియలోను నివసింపజేసెనని జోసీఫసు వ్రాసెను. క్రీ.పూ. 62లో ఫ్లక్కసు అను రోమా అధిపతి యెరూషలేమునకు పోవలసిన దేవాలయపు బంగారమును జప్తుచేసినప్పుడు లవొదికయలోనే ఇరువది పౌనులకు పైగా దొరికినది. పండుగలు, అమావాస్యలు, విశ్రాంతిదినముల విషయమై కొలొస్సయి విశ్వాసులను పౌలు ఏల హెచ్చరించెనో తెలిసికొనగోరువారు గ్లుకోను సమాధియొద్ద కొంచెముసేపు నిలువవలెను. ఈ లోయలో ఒక మనుష్యుడు తన ఒక్క సమాధిమీదనే పస్కా కాలపు పండుగను, పెంతెకొస్తును, రోమా నూతన సంవత్సరమును తగవులేకుండ కూర్చుండబెట్టగలిగెను.

పట్టణము నడుమ ప్లూటోనియము అను గుహాద్వారము కలదు. పాతాళమునకు ద్వారమని దానిని ప్రజలు నమ్మిరి. అందులోనికి తోలిన ఎద్దులు పడి చచ్చును; వాటిని తోలుకొనివచ్చిన పూజారులు మాత్రము ప్రాణముతో తిరిగివత్తురు. స్ట్రాబో తానే పిచ్చుకలను లోపలికి విసరగా అవి తక్షణమే చచ్చెనని వ్రాసెను. ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త ఫ్రాంచెస్కో దాంద్రియా ఈ ద్వారము బయల్పడినదని 2013లో ప్రకటించెను. 2018లో వెలువడిన శాస్త్రపరిశోధన దాని గుట్టును విప్పినది. మెట్లను తెల్లబరచు ఆ బొగ్గుపులుసు వాయువే ఇక్కడ నేలచీలికలోనుండి పైకి వచ్చుచున్నది. గుహలోపల అది 91 శాతము వరకు కలదు. గాలికంటె బరువైనది గనుక రాత్రివేళ నేలమీద చెరువువలె నిలుచును. తల వంచిన ఎద్దు ఆ చెరువులో మునుగును. నిలువుగా నిలిచిన పూజారి తల దానికి పైన నుండును. శతాబ్దముల తరబడి ప్రజలకు భయము పుట్టించిన మహిమ ఇంతే. ఈ మర్మము పూజారులకు తెలిసియుండవలెను. లేనిచో ఊపిరి బిగబట్టుట వారికెవరు నేర్పిరి? వారు ఊపిరి బిగబట్టుచున్నట్లు ముఖములలో కనబడెనని స్ట్రాబోయే గమనించెను.

ఈ ఊరిలోనే క్రీ.శ. 50 ప్రాంతమున ఎపిక్టేటసు దాస్యములో పుట్టెను. తరువాత గొప్ప స్తోయికు తత్త్వవేత్తయై, బానిసయైనను మనస్సున స్వతంత్రుడు కాగలడని బోధించెను. అదే తరమున, ఒక్కపూట నడక దూరములో, ఒనేసిము అను మరియొక దాసుడు తన యజమానునియొద్దకు ఉత్తరము చేతబట్టుకొని తిరిగి వచ్చెను. వీరిద్దరు ఒకరినొకరు చూచిరనుటకు ఏ ఆధారమును లేదు, నేను చూపబోను. ఇరువురి మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో కలుగు లాభము వేరు.

మధ్యాహ్నపు ఎండలో గైడు మమ్మును పురాతనపు కొలనుయొద్దకు తీసికొనిపోయెను. భూకంపమునకు కూలిన పాలరాతి స్తంభములు వెచ్చని నీటిలో పడియున్నవి. యాత్రికులు వాటిమీద కూర్చుండి స్నానమాడుచున్నారు. క్లియోపాత్రా మహారాణి ఇక్కడనే స్నానమాడెనని ఆ గైడు చెప్పెను. మర్యాదస్థుడైన యువకుడు, చరిత్ర చదువుకొన్నవాడు. ఆధారమేదని నేనడుగగా చిరునవ్వు నవ్వి, "యాత్రికులకు అది ఇష్టమండీ" అనెను. ఆ దినము మేము అతనినుండి విన్న కథలలో మూడు నాకు ముఖ్యముగా తోచినవి. మొదటిదానికి ఆధారము లేదు, హానియు లేదు. రెండవది ఫిలిప్పు సమాధి.

ఊరి గోడకు వెలుపల, విశాలమైన మెట్ల వరుస పైన, ఎనిమిది మూలల మందిరపు శిథిలములున్నవి. 5వ శతాబ్దములో ఫిలిప్పు హతసాక్షి జ్ఞాపకార్థముగా దానిని కట్టిరి. సమాధి దాని నడుమనే యుండునని చాల కాలము తలంచిరి గాని ఎంత త్రవ్వినను కనబడలేదు. 2011లో దాంద్రియాయే దానికి నలువది మీటర్ల దూరములో మరియొక దేవాలయమును, దాని నడుమ మొదటి శతాబ్దపు రోమా సమాధిని కనుగొని, ఇదే ఫిలిప్పు సమాధియని ప్రకటించెను. అమెరికాలోని రిచ్‌మండు మ్యూజియములో రొట్టెలమీద ముద్రవేయు కంచు అచ్చు ఒకటి కలదు; దానిమీద ఫిలిప్పు రెండు కట్టడముల నడుమ నిలిచియున్నాడు, ఒకటి గోపురముగలది, రెండవది చూరు ఏటవాలుగా నున్నది. త్రవ్వకములలో బయల్పడినదానికి ఆ అచ్చు సాక్ష్యముగా నున్నది.

అయితే ఏ ఫిలిప్పు? బెత్సయిదావాడైన అపొస్తలుడా, లేక కైసరయలో పౌలునకు ఆతిథ్యమిచ్చి, ప్రవచించు నలుగురు కన్యకలకు తండ్రియైన సువార్తికుడా? 190 ప్రాంతమున ఎఫెసు అధ్యక్షుడైన పొలిక్రటీసు రోమాకు వ్రాసిన ఉత్తరములో, పన్నిద్దరిలో ఒకడైన ఫిలిప్పు హియెరాపొలిలో నిద్రించుచున్నాడనియు, అతని కుమార్తెలలో ఇద్దరు కన్యకలుగా అక్కడనే ముదుసలులైరనియు చెప్పెను. కుమార్తెల మాట చూచినచో సువార్తికుడు తలపునకు వచ్చును. యూసేబియసు చరిత్రలోనే ఈ రెండును కలగలిసినవి. ఆ సమాధిలో ఎవరి పేరును లేదు. ఫిలిప్పును పేరుగలవారిలో ఒకరిని ఈ ఊరి సంఘము రెండవ శతాబ్దమునుండియే తమ తండ్రిగా ఎంచుకొనెననుట మాత్రము నిశ్చయము. నా మట్టుకు నాకు సమాధికంటె ఆ ముసలి కుమార్తెలే విలువగలవారు. ఏలయనగా, వారి నోట వినినవాడొకడు ఈ ఊరిలో నుండెను.

అతడు పాపియా. హియెరాపొలి సంఘాధ్యక్షుడు, స్ముర్న పొలికార్పునకు చెలికాడు. ప్రభువు మాటలమీద అయిదు పుస్తకములు వ్రాసెను. అవి నశించినవి, ఇతరులు ఎత్తి వ్రాసికొన్న ముక్కలే మిగిలినవి. పెద్దలతో తిరిగినవారు ఎవరైన తన ఊరికి వచ్చినచో, అంద్రెయ ఏమి చెప్పెను, పేతురు ఏమి చెప్పెను, ఫిలిప్పు ఏమి చెప్పెను అని విచారించుచుండెననియు, పుస్తకములకంటె సజీవమైన స్వరమే తనకు మేలుగా తోచెననియు అతడు చెప్పుకొనెను. పేతురు చెప్పినదానిని మార్కు వ్రాసెనను వర్తమానము మనకు మొదట ఇతనివలననే కలిగినది. యూసేబియసు ఇతనిని అల్పబుద్ధిగలవాడనెను. వెయ్యేండ్ల పాలననుగూర్చి ఇతడు నమ్మినది ఆయనకు నచ్చలేదు. కాని సేవకులము మనలో ఎందరము పాపియావలె ఊరిలోనికి వచ్చిన ప్రతి ముసలివానిని కూర్చుండబెట్టి అడుగుచున్నాము? మన తాతల కాలములో ఈ తెలుగు సంఘములు మొదట బాప్తిస్మము పొందిన దినములను చూచినవారినుండి విన్నవారు ఒక్కొక్కరే పోవుచున్నారు. అడుగువాడు లేడు.

మూడవ కథ లవొదికయలో చెప్పబడెను. హియెరాపొలినుండి దక్షిణముగా లోయను దాటినచో పది కిలోమీటర్లు. ఎదుటి గట్టున తెల్లని మెట్లు స్పష్టముగా కనబడుచుండును. గైడు ఒక రాతిగొట్టము ముక్కను చూపెను. చతురస్రమైన బండ నడుమ గుండ్రని రంధ్రము, రంధ్రములోపల సున్నము దట్టముగా పేరుకొని దారి సగము మూసుకొనియున్నది. గైడు చెప్పినది మన ప్రసంగములలోను తరచుగా వినబడునదే: వేడినీరు హియెరాపొలిలో పుట్టును, ఆ నీరు గొట్టములలో లోయదాటి లవొదికయకు చేరునప్పటికి నులివెచ్చనగును, త్రాగినవారికి కడుపులో త్రిప్పును, ఆ దినచర్యనే ప్రభువు లవొదికయ సంఘమునకు వ్రాయించిన పత్రికలో ఉపమానముగా వాడెను, చల్లని నీరు కొలొస్సయిది.

చెవికి ఎంతో ఇంపుగానున్నది. కాని ఆ గొట్టము హియెరాపొలినుండి రాలేదు. త్రవ్వకములవలన స్పష్టమైన సంగతి ఏమనగా, లవొదికయ నీళ్లు దక్షిణమునుండి, నేటి దెనిజ్లి పట్టణపు ఊటలనుండి వచ్చినవి. హియెరాపొలి ఉత్తరమున నున్నది. రాతిగొట్టపు వరుసయు దక్షిణమునుండియే వచ్చుచున్నది. లోపలి సున్నము నీరు వేడిదనుటకు సాక్ష్యము కాదు. సున్నపునీరు చల్లారినను పెచ్చు కట్టును. ఆ నీరు త్రాగదగనిదియు కాదు. లవొదికయలో దొరికిన పాలరాతి ఫలకముమీద క్రీ.శ. 114నాటి నీటిచట్టము చెక్కియున్నది. నీటిని చెరిపినవానికి, గొట్టమును పగులగొట్టినవానికి, దొంగగా మళ్లించుకొన్నవానికి 5,000 మొదలు 12,500 దేనారముల వరకు జరిమానా విధించిరి. వాంతి పుట్టించు నీటికొరకు ఎవడును ఇంత జరిమానా వేయడు.

మాతో వచ్చిన ఒక విధవరాలు, కృష్ణాతీరపు సంఘములో బైబిలు స్త్రీగా పనిచేసిన తల్లి, ఇది వినగానే కలవరపడి, "అయ్యగారూ, అట్లయితే ఇన్నాళ్లు విన్నదంతయు అబద్ధమేనా?" అనెను.

"ప్రభువు మాట అబద్ధము కాదమ్మా. గొట్టము కథ మాత్రమే నిజము కాదు" అంటిని.

"గొట్టము పోతే ఇక ఏమి మిగులుతుందండీ?"

ఈ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను. మిగులునది చాల కలదు. 2003లో క్రేగ్ కోస్టరు అను పండితుడు చూపినట్లు, ఆనాటి విందులలో ద్రాక్షారసమును వేడినీటితోనైనను, మంచు కలిపిన చల్లని నీటితోనైనను కలుపుకొని త్రాగుచుండిరి. వేడికిని రుచి కలదు, చల్లదనమునకును రుచి కలదు. వేడిమిగాని చల్లదనముగాని లేక చుట్టున్న గాలితో సమానమైపోయినదానినే అతిథి నోటనుండి వదలును. కాబట్టి వేడియనగా ఆత్మాసక్తి, చల్లనయనగా అవిశ్వాసము అని పంచి, సగము విశ్వాసికంటె పూర్తి నాస్తికుడే ప్రభువునకు ఇష్టుడని చెప్పు ప్రసంగము ఆ వాక్యములో నిలువదు. వేడియు మేలే, చల్లనయు మేలే. లవొదికయ సంఘము తన చుట్టునున్న పట్టణముతో సమానమైపోయెను. అదే దాని రోగము.

ఆ పట్టణమెట్టిదో తెలిసినచో గొట్టము లేకయే ఆ పత్రిక భారమగును. క్రీ.శ. 60లో నీరో కాలమున గొప్ప భూకంపము ఈ లోయను కుదిపెను. ఆసియ పట్టణములు భూకంపములలో కూలినప్పుడు రోమా చక్రవర్తియొద్దనుండి సహాయధనమో, పన్నుల మన్నింపో పొందుట సామాన్యము. లవొదికయ మాత్రము రోమా సహాయమేమియు లేకుండ తన స్వంత ధనముతోనే తేరుకొనెనని రోమా చరిత్రకారుడు టాసిటసు ప్రత్యేకముగా వ్రాసెను. క్రీ.పూ. 51లోనే సిసెరో తన ధనాదేశములను మార్చుకొనుటకు ఎంచుకొన్న ఊరు ఇది. కాకివలె నల్లని మెత్తని ఉన్ని ఇక్కడి గొఱ్ఱెలకు కలదని స్ట్రాబో మెచ్చుకొనెను. సమీపమున పేరుపొందిన వైద్యపాఠశాల ఉండెను. తాను ధనవంతుడననియు తనకేమియు కొదువలేదనియు ఆ సంఘము అనుకొనెనని ప్రభువు బయలుపరచినప్పుడు, అది ఒక సంఘములో పుట్టిన మాట కాదు. ఊరంతయు గర్వముతో ముప్పదియేండ్లుగా చెప్పుకొనుచున్న మాట. నాన్నలు పిల్లలకు చెప్పియుందురు: భూమి కదలినప్పుడు మనమెవరియెదుటను చేయి చాపలేదు అని. పట్టణమునకు అది ఘనతయే. దానిని నేను తప్పుపట్టను. ఆ మాటనే సంఘము ప్రార్థనలోనికి తెచ్చుకొన్నప్పుడు, కొనుక్కొమ్మని చెప్పుచున్న ప్రభువు తలుపు వెలుపల నిలువవలసివచ్చెను.

ఇందులోని వింత మరియొకటి. 4వ శతాబ్దములో లవొదికయలో ఒక సంఘసభ కూడెను. దాని కట్టడలు అరువది మనకు చేరినవి. కడపటి కట్టడలో సంఘములో చదువదగిన గ్రంథముల పట్టిక కలదు. అందులో ప్రకటన గ్రంథము లేదు! ఆ పట్టిక తరువాతి కాలమున చేర్చబడినదని పండితులలో అనేకుల అభిప్రాయము గనుక లవొదికయవారు తమ్మును గద్దించిన పుస్తకమును కావలెననియే విడిచిరని నిందించుట న్యాయము కాదు. అయినను నవ్వు రాకమానదు. ఆ కాలమునాటి పెద్ద దేవాలయమొకటి 2010లో అక్కడ నేలక్రింద కనుగొనబడెను. రంగురాళ్లు పొదిగిన నేల, బాప్తిస్మపు తొట్టి యథాతథముగా నున్నవి. పైన నీడకై కప్పు వేసిరి. గద్దింపు అందుకొన్న సంఘము చచ్చిపోలేదు. ఇంకను అయిదువందల యేండ్లు బ్రదికెను. ఈ సంగతిని మన ప్రసంగికులు జ్ఞాపకము చేయుట అరుదు.

తిరుగు ప్రయాణమునకు బస్సెక్కునప్పటికి పొద్దు వాలెను. "కొలొస్సయి ఎటున్నదండీ?" అని చినగంజాము పెద్దాయన అడిగెను. తూర్పున ఆకాశమునంటుచున్న హోనజు పర్వతమును చూపితిని. 2,500 మీటర్లకు పైబడిన ఆ కొండక్రింద, పదునారు పదునెనిమిది కిలోమీటర్ల దూరములో, కొలొస్సయి కలదు. అది ఒక దిబ్బ. ఒక స్తంభమైనను నిలిచియుండదు. చాల కాలము పలుగు కూడ తగలలేదు. చుట్టును పొలములు, ప్రక్కనే చల్లని యేరు. ఒకదినపు ప్రయాణపు పట్టికలలో ఆ ఊరు లేదు. దిగి చూచుటకేమియు లేదని గైడు చెప్పెను. ఒక విధముగా అతడు చెప్పినది నిజమే. మూడు ఊళ్లలో అన్నిటికంటె చిన్నది అదే. రెండు పత్రికలు మాత్రము దానికే వచ్చినవి. లవొదికయకు వ్రాసిన ఉత్తరము ఒకటి ఉండెనని కొలొస్సయుల పత్రికయే చెప్పుచున్నది. అది మనకు దక్కలేదు.

ఎపఫ్రా పేరు చెక్కిన రాయి ఆ మూడు ఊళ్లలో ఎక్కడను మాకు చూపబడలేదు. బస్సులో బైబిలు స్త్రీ తల్లి తన సంచిలోనుండి పాత బైబిలును తీసి, ఫిలేమోను పత్రికను గట్టిగా చదువ నారంభించెను. ఇరువదియైదు వచనములే గదా. ఎపఫ్రా పేరు వచ్చుచోట, అతడు ఖైదులోనున్నాడని ఉన్నచోట, ఆమె ఒక క్షణము ఆగి, ఆ పేరును మరల చదివెను.